పింగాణీ ఎవరి మాట? కుమ్మరి ఎవరి వారసత్వం?

"మధ్యయుగంలో ముస్లింలు లోకానికి ఏమిచ్చారు? కత్తి తప్ప మరేమైనా ఉన్నదా?" ఈ ప్రశ్న నేడు సభావేదికల మీద నుండి, టీవీ చర్చల నుండి, చివరకు పెళ్లిపందిట్లో పక్క కుర్చీ నుండి కూడ వినవస్తున్నది. అడిగేవారికి జవాబు అవసరం లేదు. వారి జవాబు ప్రశ్నలోనే ఇమిడి ఉన్నది. దానికి మనవారు చెప్పే సమాధానమూ అంతే అలవాటైపోయినది: తాజ్‌మహల్, చార్మినార్, ఎర్రకోట. ఒక సుల్తాను కత్తిని మరొక సుల్తాను కట్టడంతో కప్పే ప్రయత్నమిది. ఈ వాదంలో ఇరుపక్షాల వారూ రాజులనే చూస్తున్నారు. రాజుల కింద బతికిన కోట్లాది శ్రమజీవులు ఇరువురి కంటికీ ఆనడం లేదు.

రాజుల యుద్ధాలకు వకాల్తా పుచ్చుకోవడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. వారు చేసిన మంచికీ చెడుకూ వారే బాధ్యులు. ఇక్కడ ప్రస్తావన మట్టి పిసికిన చేతుల గురించి. కత్తి తప్ప మరేమీ ఇవ్వలేదనేవారికి జవాబు ఏ కోటగోడ మీదనో వెతకనక్కరలేదు, వారి వంటింటి అలమరలోనే ఉన్నది.

తెలుగింట తెల్లని మెరుగు పాత్రను మనం "పింగాణీ" అంటాము. పారసీకంలో "పింగాన్" అంటే గిన్నె. అరబ్బీ నోట అదే "ఫింజాన్" అయి కాఫీ కప్పుకు పేరయినది. తమిళంలో "పీంగాన్" అయినది, మన నోట పింగాణీ అయినది. ముస్లింలు ఏమీ ఇవ్వలేదని రాసే పెద్దమనిషి ఉదయం కాఫీ తాగిన కప్పును తెలుగులో ఏమని పిలుస్తాడు? ఆయన ఎంత ద్వేషించినా ఆయన భాష ఆయన మాట వినదు. వస్తువు ఏ దారిన ప్రయాణించిందో పేరు సాక్ష్యం చెబుతూనే ఉంటుంది.

మట్టికి గాజు తొడిగిన కథ

మట్టిపాత్ర కాలిన తరువాత కూడ నీటిని పీల్చుకుంటుంది. దానిమీద గాజు వంటి పూత పూసి మళ్లీ కాలిస్తే ఆ పూత కరిగి పాత్రకు అంటుకుపోతుంది. అప్పుడది నూనెను, ఉప్పును, పులుపును తట్టుకుంటుంది. మన ఆవకాయ జాడీ ఏడాది పొడుగునా చెక్కుచెదరకుండా ఉండడానికి కారణం ఆ గాజుపూతే.

ఈ విద్యను ముస్లింలు కనిపెట్టలేదు. ఈ మాట ముందుగా చెప్పుకోవాలి, ఎందుకంటే అబద్ధపు గొప్పలు అబద్ధపు నిందలకు విరుగుడు కాజాలవు. ఇస్లాంకు ఎన్నో శతాబ్దాల ముందే ఈజిప్టు, ఇరాక్ ప్రాంతాల వారికి గాజుపూత తెలుసు. సాసానీయుల కాలంలో ఆకుపచ్చ, నీలి మెరుగు జాడీలు ఇరాక్, ఇరాన్ దేశాలలో విరివిగా తయారయ్యేవి. అరబ్బులు వచ్చి ఆ ఆవాలను పగులగొట్టలేదు. వాటిని మండనిచ్చారు. మండనివ్వడమే కాక ఆ మంటను ముందెన్నడూ లేనంత దూరం తీసుకుపోయారు.

9వ శతాబ్దంలో, అబ్బాసీ ఖలీఫాల కాలంలో, సముద్రమార్గాన చైనా నుండి తెల్లని పాత్రలు ఇరాక్ రేవులకు చేరాయి. వాటిని చూసిన బస్రా కుమ్మరులకు అటువంటివి చేయాలన్న పట్టుదల కలిగింది. అయితే చైనా వారికి దొరికే తెల్లమట్టి వారికి లేదు, అంత వేడినిచ్చే ఆవాలూ లేవు. ఉన్నదల్లా పసుపు ఛాయ గల బంకమన్ను. ఏమి చేయాలి? గాజుపూతలో తగరపు భస్మం కలిపారు. అంతవరకు పారదర్శకంగా ఉండే పూత పాలవలె తెల్లనైనది. అడుగున మన్ను ఏ రంగుదైనా పైకి పాత్ర తెల్లగానే కనిపిస్తుంది. ఆ తెలుపు మీద కోబాల్ట్ నీలంతో ఆకులు, పూలు, ఒక్కొక్కప్పుడు చేసినవాని పేరు, ఒక దీవెన మాట రాశారు. తెల్లని పాత్ర మీద నీలి చిత్రం అనగానే లోకమంతా చైనాను తలుస్తుంది. కాని ఆ జతను ఒక సంప్రదాయంగా నిలబెట్టినవారిలో బస్రా కుమ్మరులు మొదటివారు. ఖలీఫాల రాజధానిగా 836 నుండి 892 వరకు వెలిగిన సమర్రాలో 1911–13 మధ్య జర్మన్ పండితుడు ఎర్న్‌స్ట్ హెర్జ్‌ఫెల్డ్ తవ్వకాలు జరిపినప్పుడు చైనా పాత్రల ముక్కలు, వాటిని చూసి చేసిన ఇరాకీ పాత్రల ముక్కలు ఒకేచోట బయటపడ్డాయి. గురువు, శిష్యుడు ఒకే మట్టిలో పక్కపక్కన దొరికారు.

ఈ రాకపోకలకు మరొక సాక్షి సముద్రగర్భంలో దొరికింది. 1998లో ఇండోనేషియాలోని బెలిటుంగ్ దీవి వద్ద మునిగిపోయిన ఓడ ఒకటి బయటపడింది. మేకులు కొట్టకుండా పలకలను తాళ్లతో కుట్టి కట్టిన అరబ్బు పద్ధతి ఓడ అది. అందులో సుమారు 60,000 చైనా పాత్రలు ఉన్నాయి. ఒక గిన్నె మీద 826వ సంవత్సరానికి సరిపోయే తేదీ ఉన్నది. వాటి నడుమ తెలుపు మీద నీలి చిత్రాలు గల పళ్లాలు మూడు ఉన్నాయి. అంటే ఇరాక్ కుమ్మరి చైనాను చూసి నేర్చుకుంటున్న కాలంలోనే చైనా కుమ్మరి పశ్చిమాసియా అభిరుచిని గమనిస్తున్నాడు. ఎవరి చేతిలోనూ కత్తి లేదు. ఇద్దరి చేతులకూ మట్టి మాత్రమే ఉన్నది.

పొగలో పుట్టిన బంగారం

బంగారు, వెండి పాత్రలలో తినడం, తాగడం ప్రవక్త (స) వారించారని హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. రాజప్రాసాదాలలో ఆ ఆదేశం ఎంతవరకు అమలయిందో చరిత్రకు తెలుసు. కుమ్మరి మాత్రం మట్టికే బంగారు మెరుపు తెప్పించాడు. ఒకసారి కాల్చి పూత పట్టించిన పాత్ర మీద వెండి, రాగి లవణాలతో చిత్రం గీసి, రెండవసారి మంద్రమైన వేడిలో పెట్టి, ఆవంలోకి గాలి చొరనీయక పొగ కమ్మించేవాడు. ఆ పొగ లవణాలలోని ప్రాణవాయువును లాగివేస్తుంది. లోహం అతి సన్నని పొరగా పూతలో నిలిచిపోతుంది. ఆవం చల్లారిన తరువాత పైనున్న మసిని తుడిస్తే బంగారు వన్నె బయటపడుతుంది. వేడి కొంచెం ఎక్కువైనా, పొగ కొంచెం తక్కువైనా ఆవమంతా వృథా. రసాయనశాస్త్రానికి ఆ పేర్లు లేని కాలంలో, కంటిచూపుతోను అనుభవంతోను మాత్రమే ఈ పని చేశారు. ట్యునీషియాలోని ఖైరవాన్ జామె మస్జిద్ మిహ్రాబు చుట్టూ 9వ శతాబ్దంలో అమర్చిన ఇటువంటి మెరుపు పలకలు నేటికీ ఉన్నాయి.

ఆ విద్య ఈజిప్టు చేరింది. ఫాతిమీల ఏలుబడిలోని కైరోకు ఆనుకొని ఉన్న ఫుస్తాత్ నగరాన్ని ఇరాన్ యాత్రికుడు నాసిర్ ఖుస్రో 11వ శతాబ్దం నడుమ చూశాడు. అక్కడి మట్టిపాత్రలు బయట చేయి పెడితే లోపలికి కనిపించేంత పలుచగా ఉన్నాయనీ, చూసే కోణాన్ని బట్టి రంగు మారుతున్నాయనీ తన యాత్రాగ్రంథంలో రాశాడు. అక్కడ సంతకం చేసిన కుమ్మరులలో సాద్ ఒకడు. అతని సంతకం గల గిన్నె ఒకటి లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నది. దాని మీద ఉన్న బొమ్మ ఎవరిది? సుల్తానుది కాదు, సేనానిది కాదు. ధూపపాత్ర ఊపుతున్న కాప్టిక్ క్రైస్తవ మతగురువుది! ఆ గిన్నెను కొన్నది ముస్లిమో క్రైస్తవుడో మనకు అనవసరం. ఒక ముస్లిం రాజ్యంలో, అరబ్బీలో సంతకం చేసే కుమ్మరి, తన పొరుగున ఉన్న క్రైస్తవ పూజారిని అంత శ్రద్ధగా, అంత గౌరవంగా చిత్రించాడన్నది ముఖ్యం. మధ్యయుగమంటే మతాల మధ్య కత్తుల కోలాటం తప్ప మరేమీ కాదని పాఠం చెప్పేవారు ఆ గిన్నె ముందు ఒక్క నిమిషం నిలబడాలి.

ఇరాన్ తూర్పున నీషాపూర్, మధ్యాసియాలో సమర్‌ఖంద్ కుమ్మరులు 10వ శతాబ్దంలో వేరొక దారి పట్టారు. తెల్లని పూత మీద నల్లని కూఫీ అక్షరాలు తప్ప మరే అలంకారమూ లేని పళ్లాలు చేశారు. ఆ అక్షరాలు చెప్పేవి నీతులు: ఉదారత మంచిదనీ, పనికి ముందు ఆలోచన ఉండాలనీ, చదువు మొదట చేదైనా చివరకు తీపేననీ, తినేవానికి శుభం కలగాలనీ. అన్నం తింటుంటే కింద నుండి అక్షరం బయటపడుతుంది. నీషాపూర్‌లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం వారు 1935లో మొదలుపెట్టి జరిపిన తవ్వకాలలో ఇటువంటివి ఎన్నో దొరికాయి. అక్షరం తెలియని సమాజం పళ్లెం మీద నీతివాక్యం రాయించుకోదు. మదరసా అనగానే ముక్కు విరిచేవారు వెయ్యేళ్ల నాడు భోజనపు పళ్లెం కూడ పాఠం చెప్పిన సమాజమొకటి ఉండేదని తెలుసుకోవాలి.

దాచుకోని విద్య

కులవిద్యలు గుట్టుగా తండ్రి నుండి కొడుకుకు మాత్రమే దక్కుతాయని, అందుకే అవి అంతరించాయని మనం తరచు వింటాము. ఇరాన్‌లోని కాషాన్ పట్టణపు అబూ తాహిర్ కుటుంబం కథ దానికి భిన్నమైనది. ఆ ఇంటి కుమ్మరులు నాలుగు తరాల పాటు మెరుపు పలకలు చేశారు. మష్హద్, ఖుమ్ పుణ్యక్షేత్రాలలో ముహమ్మద్ ఇబ్న్ అబీ తాహిర్ పని ఉన్నది. అతని కుమారుడు అలీ 1265లో వరామీన్‌లోని ఇమామ్‌జాదా యహ్యా దర్గాకు ఒక గొప్ప మిహ్రాబు చేశాడు. అలీ కుమారులలో యూసుఫ్ కులవృత్తిలో నిలిచాడు. మరొక కుమారుడు అబుల్ ఖాసిం మంగోలు ఇల్‌ఖానుల ఆస్థానంలో చరిత్రకారుడయ్యాడు.

ఆ అబుల్ ఖాసిం 1301లో రత్నాల గురించి, పరిమళాల గురించి రాసిన గ్రంథంలో తన ఇంటి విద్యను కూడ ఒక అధ్యాయంగా రాసిపెట్టాడు. పది పాళ్లు పలుగురాతి పొడి, ఒక పాలు గాజుపొడి, ఒక పాలు తెల్లమట్టి కలిపితే పాత్రకు ఒడలు సిద్ధమవుతుందన్నాడు. ఏ రాయి ఎక్కడ దొరుకుతుందో, ఏ కట్టె పొగరాకుండా మండుతుందో, మెరుపు పూతకు ఆవం ఎలా నడపాలో చెప్పాడు. నీలం ఇచ్చే రాయి కాషాన్ దగ్గరి ఖమ్సర్ గ్రామం నుండి వస్తుందనీ, దానిని మొదట కనుగొన్నది సులైమాన్ ప్రవక్త (అ) అని అక్కడివారు చెప్పుకుంటారనీ, అందుకే పనివారు దానిని "సులైమానీ" అంటారనీ రాశాడు. రాజుల చరిత్ర రాసే కలంతోనే తన తాతతండ్రుల ఆవం గురించి రాయడానికి అతడు సిగ్గుపడలేదు.

ఆ కాలం ఎటువంటిదో కూడ గుర్తుంచుకోవాలి. 1220 ప్రాంతంలో మంగోలుల దాడికి రయ్ వంటి మహానగరం నేలమట్టమైనది. దండయాత్ర అనగానే ముస్లింను చేసినవాడుగానే చూపే పాఠ్యపుస్తకాలలో దండయాత్రకు బలైన ముస్లిం కనబడడు. ఆ బూడిదలో నుండే కాషాన్ కుమ్మరులు మళ్లీ ఆవం రాజేశారు. కాషాన్ పేరు మీదనే మెరుగు పలకకు "కాషీ" అన్న పేరు వచ్చింది. మన దేశంలో ఆ పనిని "కాషీకారీ" అన్నారు.

అబుల్ ఖాసిం రాసిన ఆ పలుగురాతి సూత్రం బంధువు నేడు ఎక్కడ బతికి ఉన్నదో తెలుసా? జైపూర్‌లో. జైపూర్ నీలి పాత్ర మామూలు బంకమన్నుతో చేసేది కాదు. పలుగురాతి పొడి, గాజుపొడి, ముల్తానీ మట్టి కలిపి చేసేది. 20వ శతాబ్దంలో క్షీణించిపోతున్న ఆ విద్యకు మళ్లీ ప్రాణం పోసినవాడు కృపాల్ సింగ్ షెకావత్ అనే రాజపుత్ర చిత్రకారుడు. ప్రభుత్వం ఆయనను 1974లో పద్మశ్రీతో గౌరవించింది. ముస్లిం కుమ్మరుల విద్యను రాజపుత్రుడు బతికించాడు. ఇందులో ఎవరు ఎవరిని జయించినట్లు?

రాకడ ఉన్నది, పోకడ ఏది?

నేను మూడు దశాబ్దాలకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తాగా పనిచేసినవాడిని. కార్యాలయంలో ఇన్‌వర్డ్, అవుట్‌వర్డ్ అని రెండు రిజిస్టర్లు ఉంటాయి. వచ్చిన ప్రతి కాగితం ఎవరి నుండి వచ్చిందో ఒకదానిలో, పోయిన ప్రతి కాగితం ఎవరికి పోయిందో రెండవదానిలో రాయాలి. ఒక రిజిస్టరు రాసి రెండవది దాచినవానిని ఏ తనిఖీ అధికారీ క్షమించడు. ముస్లింల విషయంలో లోకచరిత్ర సరిగా ఇదే తప్పు చేసింది. "గ్రీకుల నుండి తీసుకున్నారు, పారసీకుల నుండి తీసుకున్నారు, చైనా నుండి తీసుకున్నారు" అని ఇన్‌వర్డ్ రిజిస్టరు శ్రద్ధగా రాశారు. అవుట్‌వర్డ్ రిజిస్టరును మాత్రం మాయం చేశారు. ఆ రెండవ రిజిస్టరు తెరిచి చూద్దాం.

14వ శతాబ్దంలో చైనాలోని జింగ్‌దెజెన్ ఆవాల నుండి నీలి తెలుపు పాత్రలు వెల్లువెత్తాయి. వాటికి మేలైన కోబాల్ట్ పశ్చిమాసియా నుండి పోయేది. చైనా వారే తరువాతి కాలంలో దిగుమతి నీలానికి "ముస్లిం నీలం" అనే అర్థం గల పేరు పెట్టారు. వారికి ఆ పేరు చెప్పడంలో చిన్నతనం కనబడలేదు.

మెరుపు పూత, తగరపు తెలుపు ఉత్తర ఆఫ్రికా మీదుగా స్పెయిన్ చేరాయి. మలాగా బంగారు పాత్రలు దూరదేశాలకు ఎగుమతి అవుతున్నాయని ఇబ్న్ బతూతా 14వ శతాబ్దంలో రాశాడు. వలెన్సియా దగ్గరి మనీసెస్‌లో క్రైస్తవ ప్రభువుల పాలనలో బతికిన ముస్లిం కుమ్మరులు 15వ శతాబ్దంలో ఐరోపా ప్రభువంశాల చిహ్నాలను పళ్లాల మీద బంగారు మెరుపుతో రాసి ఇచ్చారు. అక్కడి నుండి ఆ విద్య ఇటలీ చేరి "మజోలికా" అనే పేరు తెచ్చుకున్నది. తరువాత నెదర్లాండ్స్ చేరి "డెల్ఫ్ట్" అయినది. స్పెయిన్, పోర్చుగల్ గోడల మీది నీలి పలకలకు "అజులేజు" అన్న పేరు అరబ్బీ మాట నుండి వచ్చినది. డెల్ఫ్ట్ పళ్లెం కొని గోడకు తగిలించుకునేవారిలో ఆ తెల్లని పూత వెనుక బస్రా కుమ్మరి ఉన్నాడని ఎందరికి తెలుసు?

విద్య నేర్పినవారికి దక్కిన గురుదక్షిణ ఏమిటి? 1609 నుండి 1614 వరకు స్పెయిన్ రాజు మూడవ ఫిలిప్ సుమారు మూడు లక్షల మంది మొరిస్కోలను, అనగా అప్పటికే బలవంతాన క్రైస్తవులుగా మార్చబడిన ముస్లింల సంతతిని, దేశం నుండి వెళ్లగొట్టాడు. వలెన్సియా ప్రాంతం ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయినది. పాత్ర కావాలి, కుమ్మరి వద్దు. బిర్యానీ కావాలి, వండిన సాయిబు మా వీధిలో ఇల్లు అడగరాదు అనే నేటి మన పట్టణాల నీతికి ఇది ముత్తాత.

టర్కీలోని ఇజ్నిక్ పట్టణపు పాత్రలది మరొక అన్యాయం. 16వ శతాబ్దంలో అక్కడ తయారైన ఎర్ర తులిప్ పూల పళ్లాలు గ్రీకు దీవి రోడ్స్‌లో ఎక్కువగా దొరికాయి కనుక, 19వ శతాబ్దపు ఐరోపా వారు వాటికి "రోడ్స్ పాత్రలు" అని పేరు పెట్టేశారు. కొన్ని దశాబ్దాల పాటు మ్యూజియం చీటీల మీద ఆ తప్పు పేరే చెలామణి అయినది. ఇక కాషాన్ అలీ 1265లో దర్గాకు చేసిన ఆ మిహ్రాబు? దానిని గోడ నుండి ఊడదీశారు. చేతులు మారి, 1940లో ఒక అమెరికా సంపన్నురాలి వద్దకు చేరి, నేడు హవాయి దీవులలోని హోనొలులులో ఉన్నది. అదే దర్గా పలకలు లోకంలోని ఎన్నో మ్యూజియాలలో చెల్లాచెదురై ఉన్నాయి. భక్తులు నమాజు చేసిన దిక్కు నేడు టిక్కెట్టు కొన్నవారి కనువిందు.

గజనీకి మేము, కాషాన్‌కు ఎవరు?

ఇక్కడ ఒక అభ్యంతరం రాక తప్పదు. "ఇదంతా ఇరాక్, ఇరాన్ కథ. తెలుగు ముస్లింకు దీనితో ఏమి సంబంధం? మీ పూర్వీకులు ఈ మట్టివారే కదా!" అంటారు. సంతోషం. మా పూర్వీకులు ఈ మట్టివారేనని ఒప్పుకున్నందుకు కృతజ్ఞతలు. అయితే మరొక ప్రశ్న: గజనీ మహమూదు చేసినదానికి కడప జిల్లా దూదేకుల సాయిబును, నల్గొండ ఆటోడ్రైవరును జవాబు చెప్పమని ఎందుకు అడుగుతున్నారు? గజనీకి వారసులమైతే కాషాన్‌కూ వారసులమే. కాషాన్‌తో సంబంధం లేకపోతే గజనీతోనూ లేదు. నేరాల పద్దు మా పేర రాసి, నైపుణ్యాల పద్దు చెరిపివేసే లెక్క ఏ న్యాయస్థానంలోనూ నిలవదు.

రక్తసంబంధం మాట అటుంచి, విద్యాసంబంధం మాత్రం నిజంగానే ఉన్నది. గీలాన్ నుండి దక్కనుకు వచ్చి బహమనీ రాజ్యానికి మంత్రి అయిన మహమూద్ గవాన్ 1472 నాటికి బీదర్‌లో కట్టించిన మదరసా ముఖభాగం రంగుల మెరుగు పలకలతో నిండి ఉండేది. 17వ శతాబ్దం చివర తుపాకిమందు పేలి చాల భాగం కూలిపోయినా, మిగిలిన మీనారు మీద ఆ నీలం, ఆ పసుపు ఇప్పటికీ కనిపిస్తాయి. హైదరాబాదు పాతబస్తీలో ముహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన బాద్‌షాహీ ఆషూర్‌ఖానా లోపలి గోడలు 1611 నాటికి అలమ్‌ల ఆకారాలు గల పలకలతో అలంకరింపబడినవి. తెలుగు కవులను ఆదరించిన ఆ రాజవంశపు నగరంలో, కాషాన్ పేరు మోసే విద్య అది. 1908 మూసీ వరదలో కింది భాగపు పలకలు దెబ్బతిన్నాయి. పోయినచోట పలకలను పోలిన రంగుల చిత్రణతో సరిపెట్టారు. వరద తుడిచినది పోగా మిగిలినదానినైనా మన నిర్లక్ష్యం తుడిచిపెట్టకుండా చూడవలసిన బాధ్యత ఎవరిది?

మనవారికి రెండు మాటలు

పరులను నిలదీసినవాడు సొంత ఇంటినీ నిలదీయాలి. మన మీలాద్ సభలలో, ఈద్ మిలాప్‌లలో, వార్షికోత్సవాలలో "మన ఘనచరిత్ర" అనగానే వినిపించేవన్నీ సింహాసనాల పేర్లే. సాద్ పేరు, అలీ పేరు, అబుల్ ఖాసిం పేరు ఒక్కసారైనా విన్నారా? కుమ్మరిని మరచిన సమాజం ఆశ్చర్యకరంగా కుమ్మరి వంటివారిని చిన్నచూపు కూడ చూస్తుంది. దూదేకులవారి ఇంట పిల్లనివ్వడానికి, హజాం కొడుకును మస్జిద్ కమిటీలో కూర్చోబెట్టడానికి వెనుకాడే కుటుంబాలు మనలో లేవా? 2007లో వచ్చిన చట్టం మనలోని వెనుకబడిన వర్గాలకు 4 శాతం రిజర్వేషను కల్పించినప్పుడు అత్తరు సాయిబులు, ధోబీలు, తురకకాశలు, ఫకీర్ల పేర్లు గెజిట్‌లోకి ఎక్కాయి. "మాలో కూడ ఇటువంటివారున్నారని బయటపెడతారా" అని ముఖం చిట్లించిన పెద్దలను నేను చూశాను. సమానత్వం మన ధర్మమని చెప్పుకుంటూ, చేతిపని చేసేవానిని కింద కూర్చోబెట్టడం ఏ ధర్మం?

బొమ్మల మాట ఎత్తి ఈ కళనంతటినీ పక్కకు నెట్టేవారూ ఉన్నారు. కాషాన్ గిన్నెల మీద గుర్రపు రౌతులు, షాహ్‌నామా వీరులు ఉన్నమాట నిజమే. మస్జిద్, దర్గా గోడలకు చేసిన మిహ్రాబుల మీద ఖురాన్ వాక్యాలు, పూలతీగలు ఉన్నాయి. ఏది ఎక్కడ ఉండాలో ఆ కుమ్మరులకు తెలుసు. ఎనిమిది వందల ఏళ్ల తరువాత మనం వారికి ధర్మం నేర్పనక్కరలేదు.

అడగవలసినవి

రాజ్యాంగంలోని 29వ అధికరణం తమకంటూ ప్రత్యేక భాష, లిపి, సంస్కృతి గల పౌరులకు వాటిని కాపాడుకునే హక్కు ఇచ్చింది. 51ఎ అధికరణం మన సమ్మిశ్ర సంస్కృతి వారసత్వాన్ని గౌరవించి కాపాడడం ప్రతి పౌరుని విధి అన్నది. ఒకటి మన హక్కు, మరొకటి అందరి విధి. ఈ రెండింటి బలంతో మనం అడగవలసినవి ఇవి.

ఒకటి: 2023 నుండి ఎన్‌సీఈఆర్‌టీ 12వ తరగతి పుస్తకంలో మొఘల్ ఆస్థానాల పాఠం లేకుండా పోయినది. రాజుల పాఠాలు ఉంచినా తీసివేసినా, రెండు తెలుగు రాష్ట్రాల పాఠ్యపుస్తకాలలో శ్రమజీవుల చరిత్ర ఉండాలి. కొండపల్లి బొమ్మ, పోచంపల్లి చీర, బిద్రీ పని, కాషీ పలక ఒకే పాఠంలో పక్కపక్కన కూర్చోవాలి.

రెండు: ఆషూర్‌ఖానా పలకలకు శాశ్వత సంరక్షణ, నిపుణుల పర్యవేక్షణ కావాలి. పగిలినచోట సున్నం పూసి రంగు వేయడం మరమ్మతు కాదు, మరుగుపరచడం.

మూడు: మన మ్యూజియాలలో ఈ వస్తువుల ముందుండే చీటీలు తెలుగులో, ఉర్దూలో కూడ ఉండాలి. ఎవరు చేశారు, ఏ ఊరిలో, ఏ మట్టితో అన్నది రాయాలి. ఎవరు బహూకరించారో ఒక్కటే రాస్తే సరిపోదు.

నాలుగు: ఇది ప్రభుత్వాన్ని అడిగేది కాదు, మనల్ని మనం అడుగుకునేది. ప్రతి జిల్లాలో చేతిపని చేసే ముస్లిం కుటుంబాల వివరాలు మన సంఘాలే సేకరించాలి. వారి పిల్లలకు కులధ్రువీకరణ పత్రం, ఉపకారవేతనం, వృత్తిశిక్షణ అందేలా వెంట నడవాలి. వేదిక మీద మొదటి వరుసలో ఒక కుర్చీ వారికి వేయాలి. అబుల్ ఖాసిం ఏడు వందల ఏళ్ల క్రితమే తన తండ్రి ఆవాన్ని గ్రంథానికి ఎక్కించాడు. మనం కనీసం మన పొరుగింటి పనివాని పేరు ఒక కాగితం మీదికైనా ఎక్కించలేమా?

కత్తి తప్ప ఏమిచ్చారని ఇకముందు ఎవరైనా అడిగితే కోపగించుకోకండి. కూర్చోబెట్టి ఒక కప్పు చాయ్ ఇవ్వండి. ఆ కప్పును తెలుగులో ఏమంటారో వారినే చెప్పమనండి.